మోకాలి పైన ఏముందో చెప్పే కర్ర

పత్తి ఏరే కాలంలో నల్లగొండ బజార్లలో ట్రాక్టర్ ట్రాలీలు రోడ్డు పక్కన ఆగి ఉండటం మామూలే. చక్రాల వెనక ట్రాలీ బల్ల మూడు నాలుగు అడుగుల ఎత్తులో బయటికి పొడుచుకొని ఉంటుంది. చూపున్న మనిషి దాన్ని అడ్డంకిగా లెక్కపెట్టడు, కాస్త పక్కకు జరిగి వెళ్లిపోతాడు. చూపు లేని మనిషి తెల్లకర్రతో వచ్చినప్పుడు మాత్రం కర్ర కొన ఆ బల్ల కిందుగా, ఖాళీ నేల మీద సాఫీగా సాగిపోతుంది. దారి ఖాళీగా ఉందని చేతికి కబురు అందుతుంది. రెండో అడుగులో బల్ల అంచు నడుముకో ఛాతీకో తగులుతుంది. దుకాణం ముందు కిందికి దింపిన రేకు, లారీ వెనక నుంచి తొంగిచూసే ఇనుప చువ్వలు, కరెంటు స్తంభానికి ఏటవాలుగా లాగి కట్టిన స్టే వైరు, తలుపు తెరిచి నిలబెట్టిన ఆటో, అన్నీ ఇదే జాతి. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి చూడటానికి వెళ్లినవాళ్లకు తల ఎత్తులో అడ్డంగా పాకే కొమ్మలంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

తెల్లకర్రకున్న ఈ ఒక్క లోటును పూడ్చడానికే ఎలక్ట్రానిక్ స్మార్ట్ కేన్ వచ్చింది. మోకాలి పైన, తల వరకు, ఎదురుగా ఏదైనా ఉంటే అది చెబుతుంది. దాని పని అంతవరకే. శిబిరాల్లో ఈ కర్ర చేతికిచ్చి ఫొటో తీసేటప్పుడు ‘ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు’ అనే మాట వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట నమ్మి రోడ్డెక్కినవాళ్లు మొదటి వారంలోనే దెబ్బ తింటారు, రెండో వారంలో కర్రను అటక మీద పెడతారు. పరికరం చెడ్డది కాదు. అది ఎక్కడి వరకు చూస్తుందో, ఎక్కడ చూడదో చెప్పకుండా ఇవ్వడమే చెడ్డ పని.

మామూలు కర్రకు ఎంత తెలుసు

ముందు మామూలు తెల్లకర్ర గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. దాన్ని చాలామంది పేదవాడి పరికరంగా చూస్తారు, అది తప్పు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్‌కు ప్రమాదంలో చూపు పోయింది. ఇంటి చుట్టుపక్కల వాహనాల రద్దీకి జంకి, నడిపేవాళ్లకు తాను కనబడాలని 1921లో తన చేతికర్రకు తెల్ల రంగు వేసుకున్నాడు. అప్పటికి అది గుర్తు మాత్రమే. దాన్ని దారి వెతికే పనిముట్టుగా మార్చింది రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధంలో కళ్లు పోయిన సైనికులను అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి తెచ్చేవారు. 1944 ప్రాంతంలో అక్కడ పనిచేసిన రిచర్డ్ హూవర్ పొడవాటి తేలిక కర్రను, దాన్ని ఊపే పద్ధతిని రూపొందించాడు. కర్ర రొమ్ము ఎముక ఎత్తు వరకు ఉండాలి. భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ మేర అటూ ఇటూ ఊపాలి. కుడికాలు ముందుకు వేసేటప్పుడు కర్ర కొన ఎడమవైపు నేలను తాకాలి. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి పెడుతుంది. ప్రపంచమంతా నేటికీ నేర్పేది ప్రధానంగా ఇదే.

ఈ పద్ధతి ఒంటబట్టినవారికి కర్ర కొన నుంచి వచ్చే సమాచారం చాలా ఎక్కువ. సిమెంటు రోడ్డు ముగిసి మట్టి మొదలైన చోటు, షాబాదు బండల అరుగు అంచు, మోరీ మీద లేచిపోయిన బండ, మెట్టు, గుంత, నీళ్లు, అన్నీ చేతికి అందుతాయి. కొన నేలను తట్టినప్పుడు వచ్చే చప్పుడు గోడ పక్కన ఒకలా, సందు తెరుచుకున్న చోట మరోలా వినిపిస్తుంది. చెవి ఆ తేడా పట్టుకుంటుంది. ఇంత చేసే కర్రకు ఛార్జింగ్ అక్కర్లేదు, వానకు చెడదు, ధర కొన్ని వందల రూపాయలు.

దానికి తెలియనిది మోకాలి పై లోకం. తాను తగిలే వరకు ఏదీ చెప్పలేకపోవడం రెండో కొరత. ముందుజాగ్రత్తకు దొరికేది ఒక అడుగు దూరం, అంటే సుమారు ఒక సెకను.

డబ్బాలో ఏం జరుగుతుంది

స్మార్ట్ కేన్‌లో ‘స్మార్ట్’ అంతా పిడి దగ్గర అమర్చిన చిన్న డబ్బాలో ఉంటుంది. అందులోని సెన్సర్ మన చెవికి వినబడని ధ్వనిని ముందుకు విసురుతుంది. మనిషి చెవి సెకనుకు సుమారు 20 వేల ప్రకంపనల వరకే వింటుంది. ఈ రకం సెన్సర్లు సాధారణంగా 40 వేల దగ్గర పనిచేస్తాయి. ఎదుట గోడో మనిషో ఉంటే ధ్వని తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి డబ్బా దూరం లెక్క కడుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి మూడు మీటర్ల దూరంలోని గోడ నుంచి ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యింట 17 వంతుల కాలం చాలు. గబ్బిలం చీకట్లో పురుగును పట్టేది ఈ సూత్రంతోనే.

ఇక్కడ మన ఎండల సంగతి ఒకటి సరదాగా ఉంటుంది. 343 అనేది 20 డిగ్రీల వేడిలో చెప్పే లెక్క. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు ఉన్నప్పుడు ధ్వని మరింత వేగంగా, 358 మీటర్ల దాకా పోతుంది. లెక్క మార్చుకోని పరికరమైతే ప్రతిధ్వని తొందరగా వచ్చిందని, వస్తువు ఉన్నదానికంటే నాలుగు శాతం దగ్గరగా ఉందని అనుకుంటుంది. మూడు మీటర్లకు పన్నెండు సెంటీమీటర్ల తేడా. తప్పే, కానీ కాస్త ముందే హెచ్చరించే తప్పు కాబట్టి నష్టం లేదు.

దూరం తెలిశాక దాన్ని మనిషికి చెప్పడం ఎలా? బీప్ శబ్దంతో చెప్పవచ్చు. కానీ చూపు లేని మనిషికి చెవి ఖాళీగా ఉండే అవయవం కాదు. ఏ వైపు నుంచి బస్సు వస్తోంది, పక్క మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, హోటల్ దాటామా లేదా, ఇవన్నీ చెవి మోసే బరువులే. అందుకే మంచి స్మార్ట్ కేన్లు పిడి కంపనంతో మాట్లాడతాయి. అడ్డంకి దగ్గరయ్యే కొద్దీ కంపనం తీరు మారుతుంది. చేతికి ఆ తేడా అలవాటు కావడానికి రోజులు పడుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి నిరంతరం మాటలు చెప్పే పరికరం ఏదైనా రోడ్డు మీద ప్రమాదమేనని నా అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960లలోనే లెస్లీ కే అనే శాస్త్రవేత్త చేతిలో పట్టుకునే ధ్వని టార్చి చేశాడు. తర్వాత బ్రిటన్‌లో అల్ట్రాకేన్ వచ్చింది. ఇవి పనిచేశాయి, కానీ ధరలు మన ఇళ్లకు అందేవి కావు. మన దేశంలో ఆ లెక్క మార్చింది ఐఐటీ ఢిల్లీ. ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ దగ్గర 2005 ప్రాంతంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన పని అది. రోహన్ పాల్ వంటి విద్యార్థులు ఏళ్ల తరబడి దాన్నే పట్టుకున్నారు. ఢిల్లీలోని సక్షమ్ ట్రస్టు ద్వారా చూపు లేనివారే వాడి చూసి లోపాలు చెబుతూ వచ్చారు. బ్రిటన్‌కు చెందిన వెల్కం ట్రస్టు డబ్బు ఇచ్చింది, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తయారీకి దిగింది, 2014లో ‘స్మార్ట్‌కేన్’ బయటికి వచ్చింది. అప్పటి ధర సుమారు 3,000 రూపాయలు.

దాని రూపకల్పనలో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. వాళ్లు కొత్త కర్ర చేయలేదు. మడిచే తెల్లకర్ర పైభాగానికి బిగించి, కావాలంటే తీసేసే డబ్బా చేశారు. బ్యాటరీ అయిపోయినా, డబ్బా పాడైనా చేతిలో తెల్లకర్ర అలాగే ఉంటుంది. దూరానికి రెండు అమరికలు పెట్టారు. ఇంట్లో, ఇరుకు చోట్ల 1.8 మీటర్లు, ఆరుబయట 3 మీటర్లు. మామూలు నడకలో మూడు మీటర్లంటే దాదాపు మూడు సెకన్ల ముందస్తు కబురు. తెల్లకర్ర ఇచ్చే ఒక్క సెకనుతో పోలిస్తే అది పెద్ద తేడా. ఆగడానికే కాదు, పక్కకు తప్పుకోవడానికీ చాలుతుంది.

ఎక్కడ చూడదు

ప్రచార కరపత్రాల్లో ఉండని భాగం ఇది. కొనేవారికి, ఇచ్చేవారికి అసలు తెలియాల్సిందీ ఇదే.

మొదటిది గుంత. సెన్సర్ ముందుకూ పైకీ చూస్తుంది, నేలలోకి చూడదు. మూత లేని మ్యాన్‌హోలు, పైపు కోసం తవ్వి వదిలేసిన కాలువ, బస్టాండు అరుగు అంచు దగ్గర డబ్బా ఏమీ అనదు. ఎదురుగా ఏమీ లేదు కాబట్టి దాని దృష్టిలో దారి బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ కాపాడేది కర్ర కొన ఒక్కటే. స్మార్ట్ కేన్ వచ్చిందని కర్ర ఊపడం మానేసి, దాన్ని టార్చిలా ముందుకు చాపి పట్టుకు నడిచేవారికి అసలు ముప్పు ఇదే.

రెండోది మెత్తటి వస్తువులు. ధ్వని గట్టి వాటికి తగిలి తిరిగొస్తుంది, మెత్తటి వాటిలో ఇంకిపోతుంది. ఆరేసిన దుప్పటి, గడ్డిమోపు, వదులుగా నింపిన పత్తి బస్తా ప్రతిధ్వనిని బలహీనపరుస్తాయి. పత్తి, వరి పండే ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. సీజనులో రోడ్డు మీదికి పొంగుకొచ్చే లోడ్లు ఆ రెండింటివే. ట్రాలీ ఇనుప అంచును పట్టే సెన్సర్ దాని మీది పత్తిని ఆలస్యంగా పట్టవచ్చు.

సన్నటివి కూడా అంతే. ఆ ధ్వని తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంతకు దగ్గరి మందం ఉన్న స్టే వైరు, ముళ్లకంచె తీగ, బట్టల తీగ నుంచి వచ్చే ప్రతిధ్వని అంతంతమాత్రం. నున్నగా ఉండి ఏటవాలుగా ఉన్న ఆటో అద్దం వంటివి ధ్వనిని వెనక్కి పంపకుండా మరో దిక్కుకు తోసేస్తాయి. తమాషా ఏమిటంటే, నిటారుగా నిలబడిన గాజు తలుపును మాత్రం ఈ సెన్సర్ చక్కగా పట్టేస్తుంది. చూపున్నవాళ్లే చూసుకోక నుదురు కొట్టుకునే బ్యాంకు తలుపు ముందు ఈ కర్రదే పైచేయి.

ఇక కదిలే వాహనాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటార్‌సైకిల్ మూడు మీటర్లను సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా దాటేస్తుంది. కంపనం మొదలై, చేయి గ్రహించి, కాలు ఆగేలోపు ఆ బండి వెళ్లిపోయి ఉంటుంది, లేదా తగిలి ఉంటుంది. రోడ్డు దాటడానికి స్మార్ట్ కేన్ పనికిరాదని గట్టిగానే చెప్పాలి. అక్కడ చెవే దిక్కు. ఆ చెవిని కూడా ఈ మధ్య చప్పుడు చేయని బ్యాటరీ స్కూటర్లు మోసం చేస్తున్నాయి.

జనం మరో సంగతి. అంగడి రోజున, చెరువుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో మూడు మీటర్ల లోపు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. పిడి ఆగకుండా వణుకుతూనే ఉంటుంది. ఎప్పుడూ మోగే హెచ్చరిక హెచ్చరిక కాదు. అలాంటి చోట 1.8 మీటర్లకు తగ్గించుకోవడమో, డబ్బా ఆపేసి మామూలు కర్రగా వాడుకోవడమో మేలు. అనుభవం ఉన్నవారు చేసేది అదే.

కర్ర పట్టుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. పిడి ఎత్తు, వాలు మారితే సెన్సర్ చూపు పైకో కిందికో జరుగుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను వంగిన పెద్దలు చేయి కిందికి దించి కర్ర పడతారు. నిటారు మనిషికి తల ఎత్తులో చూసే సెన్సర్ వారి చేతిలో వేరే చోటికి చూస్తుంది. కర్ర పొడవు, డబ్బా కోణం మనిషి మనిషికీ సరిచూడాలి. వరుసలో నిలబెట్టి పంచితే ఇది జరగదు.

ఫోనుతో జతకట్టేవి, కెమెరా ఉన్నవి

దీనికి పై మెట్టు రకాలు వేరే ఉన్నాయి. టర్కీలో పుట్టిన వీవాక్ కర్రను 2019లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో చేర్చింది. దానికీ ధ్వని సెన్సరే ఉంది. అదనంగా బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది, పిడి మీద వేలితో రాసి మ్యాపును నడిపించవచ్చు. అప్పట్లో ధర ఐదారు వందల డాలర్లు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఆ లెక్కన ఇది దాదాపు ఏడాది పింఛను. పైగా ఫోను జీపీఎస్‌కు కొన్ని మీటర్ల తేడా మామూలు. ‘గమ్యం చేరారు’ అని చెప్పినప్పుడు మనిషి రోడ్డుకు ఏ పక్కన ఉన్నాడో అది చెప్పలేదు. దేవరకొండ పట్టణంలో కొంత ఉపయోగపడే మ్యాపు, పక్క తండా గల్లీల్లోకి వెళ్లేసరికి చేతులెత్తేస్తుంది.

అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2021లో లేజర్‌తో దూరం కొలిచే లైడార్, కొన దగ్గర మోటారు చక్రం ఉన్న కర్రను చూపించారు. అడ్డంకి నుంచి చేతిని అదే మెల్లగా పక్కకు లాగుతుంది. వాడిన చూపు లేనివారి నడక వేగం సుమారు 18 శాతం పెరిగిందని వారు ప్రకటించారు. నమూనాను ఎవరైనా చేసుకునేలా బయటపెట్టారు కూడా. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టుగా చవక సెన్సర్ అతికించిన పీవీసీ పైపు చేసేకంటే, దీన్ని మన రోడ్లకు పరీక్షించి చూస్తే కొంత ప్రయోజనం ఉంటుంది. ప్రతి ఏడాదీ అలాంటి పీవీసీ కర్రలు ఒకటి రెండు పత్రికల్లో కనిపిస్తాయి. చూపు లేని మనిషి ఒక్కరైనా వాటిని నెలరోజులు వాడి ఏమన్నారో ఆ వార్తల్లో ఉండదు.

ఏ కర్రా చెప్పలేని సంగతి ఒకటుంది. మహబూబ్‌నగర్ బస్టాండులో నిలబడిన మనిషికి అడ్డంకి కంటే పెద్ద సమస్య, ముందు ఆగింది జడ్చర్ల బస్సా, నారాయణపేట బస్సా అన్నది. ఐఐటీ ఢిల్లీ ప్రయోగశాలే దీనికి ‘ఆన్‌బోర్డ్’ అనే వేరే పరికరం చేసింది. బటన్ నొక్కితే బస్సు మీది స్పీకరు నంబరు చెప్పి, తలుపు ఎటుందో శబ్దంతో దారి చూపుతుంది. కానీ దానికి బస్సులన్నిటికీ పరికరం బిగించాలి. కర్రను ఒక మనిషికి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు, బస్సుల సంగతి అలా కుదరదు.

ఎవరికి, ఎలా

కేంద్రం ఏడీఐపీ అనే పథకం కింద వికలాంగులకు ఉపకరణాలు ఇస్తుంది. స్మార్ట్ కేన్ కూడా ఆ జాబితాలో ఉంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో శిబిరాలు పెట్టి, ఒకసారి పరీక్షించి, తర్వాత మరో రోజు పంచుతుంది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ధ్రువపత్రం లేదా యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ కావాలి. రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ద్వారా కూడా ఉపకరణాలు అందుతాయి. ఏడీఐపీలో ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. ఒకే అవసరానికి సాయం తీసుకున్నవారికి సాధారణంగా మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు. ఆ లోపు బ్యాటరీ నీరసించినా, వైరు తెగినా మరమ్మతు చేసేవారు నల్లగొండలో ఎవరున్నారన్నది పంచిన రోజే అడగాలి.

అంతకంటే ముందు అడగాల్సింది, ఈ మనిషికి కర్ర అవసరమా, ఆపరేషనా అన్నది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాల్లో కంటి జబ్బుల అధ్యయనం చేసింది. అందులో మహబూబ్‌నగర్ ఒకటి. అంధత్వంలో సగానికి మించి శుక్లాలు, కళ్లజోడుతో సరిదిద్దగల లోపాల వల్లేనని తేలింది. 2018లో మొదలైన కంటివెలుగు ఊరూరా కళ్లు పరీక్షించింది కూడా ఇలాంటి వారికోసమే. ఇప్పటికీ శుక్లాలు ముదిరి చూపు తగ్గిన అవ్వకు కర్ర ఇచ్చి పంపితే అది సాయం కాదు. కర్ర నిజంగా కావాల్సింది చూపు తిరిగి రానివారికి. గ్లకోమాతోనో, రెటీనా జబ్బుతోనో చూపు పోయినవారు, పుట్టుకతో లేనివారు, మధ్యలో సన్నటి గొట్టంలోంచి చూసినంత మేరే కనబడుతూ పొద్దు గూకితే పూర్తిగా చీకటయ్యేవారు. చివరి కోవవారు చట్టం ప్రకారం కూడా అంధులే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 10 డిగ్రీల కంటే తక్కువ చూపు పరిధిని అంధత్వంగానే లెక్కిస్తుంది. పగలు మామూలుగా తిరిగే కుర్రవాడు సాయంత్రం తెల్లకర్ర తీస్తే ‘నటిస్తున్నాడు’ అనే ఊళ్లు మనకున్నాయి. ఆ మాటకు భయపడి కర్ర పట్టుకోనివారూ ఉన్నారు.

శిక్షణ లేకుండా ఇది ఖరీదైన చేతికర్రే. ముందు మామూలు తెల్లకర్రతో హూవర్ పద్ధతి నేర్వాలి, ఆ తర్వాతే డబ్బా బిగించాలి. సికింద్రాబాద్‌లో జాతీయ దృష్టి వికలాంగుల సంస్థ ప్రాంతీయ విభాగం ఉంది, అక్కడ అడిగి మొబిలిటీ శిక్షణ, అంటే కర్రతో ఒంటరిగా తిరగడం నేర్పే శిక్షణ, ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవచ్చు. జిల్లాకు ఒక్క శిక్షకుడైనా ఉండి, మనిషి రోజూ నడిచే దారిలోనే, అంటే ఇంటి నుంచి కిరాణా కొట్టుకు, గుడికి, బస్టాపుకు వెంట నడిచి నేర్పితే అటక మీదికి వెళ్లే కర్రలు చాలావరకు తగ్గుతాయి. పంపిణీ లెక్కల్లో ఆ ఖర్చుకు చోటుండదు. ఎన్ని కర్రలు ఇచ్చామన్నది లెక్క, ఏడాది తర్వాత ఎన్ని రోడ్డు మీద ఉన్నాయన్నది ఎవరూ లెక్కపెట్టరు.

ఇంట్లో ఎవరికైనా స్మార్ట్ కేన్ వచ్చి ఉంటే, వీధిలోకి తీసుకెళ్లే ముందు వాకిట్లోనే పరీక్షించండి. గోడకు ఎదురుగా నిలబెట్టి, ఎన్ని అడుగుల దూరంలో పిడి వణకడం మొదలవుతుందో చేతికి తెలిసేదాకా ముందుకూ వెనక్కూ నడిపించండి. తర్వాత తీగ మీద దుప్పటి ఆరేసి దాని ముందు, ఆపైన ఒట్టి తీగ ముందు, నిలిపిన ట్రాక్టర్ వెనక, గేటు బయట మోరీ అంచున. చివరి చోట పక్కన మీరు చేయి పట్టుకొని ఉండండి, అక్కడ పిడి వణకదు.